టేకు తలుపు మీది పాత రంగు తీయడం: మందు ఎంపిక నుంచి చెక్క ఆరేదాకా

చెన్నైలో మైలాపూర్, తిరువల్లిక్కేణి, జార్జ్ టౌన్ వంటి పాత పేటల ఇళ్లలో బర్మా టేకు తలుపులు ఇప్పటికీ కనిపిస్తాయి. పండగకొకసారి, పెళ్లికొకసారి వాటి మీద ఎనామెల్ రంగు వేస్తూ పోయారు. ఆ ఇల్లు పడగొట్టి అపార్టుమెంటు కట్టేటప్పుడు తలుపునో, నాయనమ్మగారి ఊయల బల్లనో, తాతగారి బీరువానో అన్నదమ్ములు పంచుకుని తమ ఫ్లాట్లకు తెచ్చుకుంటారు. చూస్తే ఐదారు పొరల రంగు కింద నగిషీ అంతా పూడిపోయి ఉంటుంది. ఆ రంగు తీసి చెక్కను బయటికి తేవడం ఇంట్లో చేసుకోగల పనే. కానీ అందుకు వాడే పెయింట్ రిమూవర్, అంటే రంగును ఊడదీసే రసాయన మందు, మామూలు సరుకు కాదు. దుకాణంలో టర్పెంటైన్ పక్కనే పెట్టి అమ్ముతారు కనుక ఇదీ అలాంటిదే అనుకోకండి. ఈ పని గురించి నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒకటే: నెమ్మదిగా పనిచేసే మందును ఎంచుకుని, దానికి కావలసినంత సమయం ఇవ్వండి. తొందరపడితే చెక్క పాడవుతుంది, మనిషి ఆరోగ్యమూ పాడవుతుంది.

అసలు తీయాలా, వద్దా

రంగు గట్టిగా పట్టుకుని ఉండి, మీరు మళ్లీ రంగే వేయదలచుకుంటే పూర్తిగా తీయనక్కరలేదు. తడిపి, నీళ్లలో వాడే ఉప్పుకాగితంతో పైపైన రుద్ది, మెరుపు పోయాక దాని మీదే కొత్త పూత వేసుకోవచ్చు. పొరలు పగిలి పెచ్చులుగా లేస్తున్నా, రంగు మందం వల్ల తలుపు ద్వారబంధానికి పట్టేస్తున్నా, చెక్క సహజమైన రంగు కనిపించేలా పాలిష్ చేయాలనుకున్నా అప్పుడు తీయాలి.

గోడలకు ఈ మందులు వాడకండి. సున్నం, డిస్టెంపర్ నీళ్లతో నానబెట్టి గోకితే వచ్చేస్తాయి. సిమెంటు పూత మందును పీల్చుకుంటుంది, ఆ వాసన గదిని ఒక పట్టాన వదలదు.

సీసం సంగతి ముందే ఆలోచించండి

ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎంకు (పది లక్షల భాగాల్లో 90 భాగాలకు) మించకూడదన్న నిబంధనను మన దేశంలో 2016లో ప్రకటించారు. అది 2017 నవంబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. అంతకు ముందు వేసిన ఎనామెల్ రంగుల్లో, ముఖ్యంగా పసుపు, నారింజ, ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో సీసం ఎక్కువగా ఉండే అవకాశం ఉంది. పసుపు రంగుకు వాడిన లెడ్ క్రోమేటే అందుకు ముఖ్య కారణం. కనుక మీ తలుపు పాతదైతే, అందులో సీసం ఉందనుకునే పని మొదలుపెట్టండి.

సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఇంత మోతాదు వరకు ప్రమాదం లేదని చెప్పగల హద్దు ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. పాత రంగును పొడిగా ఉప్పుకాగితంతోనో, రుద్దే మిషనుతోనో తీస్తే సీసపు ధూళి ఇల్లంతా పరుచుకుంటుంది. అది నేల మీద పాకే పసివాడి చేతికి, అక్కడి నుంచి నోటికి చేరుతుంది. మంటతో, బాగా వేడెక్కిన హీట్ గన్‌తో కాలిస్తే సీసం ఆవిరిగా లేస్తుంది. రసాయనంతో తీయడంలో ఉన్న పెద్ద మేలు ఇక్కడే: రంగు తడి ముద్దగా వస్తుంది, ధూళి లేవదు. అయినా పని జరిగే రోజుల్లో గర్భిణులు, చిన్నపిల్లలు ఆ చోటికి దూరంగా ఉండాలి. వీలైతే బంధువుల ఇంటికి పంపండి. పని బట్టలు మిగతా బట్టలతో కలపకుండా విడిగా ఉతకండి. తినేముందు చేతులు, ముఖం సబ్బుతో కడగండి. పని చోట కాఫీ కప్పు కూడా పెట్టుకోవద్దు.

పైన ఉన్న పూత ఏది?

ఈ పరీక్ష చేయకుండా మందు కొనకండి. మడతబందుల పక్కనో, బల్ల అడుగునో కనిపించని చోట సబ్బునీళ్లతో తుడిచి ఆరనివ్వండి. దూదికి పాలిష్ పనికి వాడే స్పిరిట్ అద్ది అక్కడ ఒక నిమిషం అదిమి పట్టండి. పూత జిగటగా మారి దూదికి అంటుకుంటే అది ఫ్రెంచ్ పాలిష్, అంటే లక్కతో చేసిన పూత. దీనికి రిమూవరే అక్కరలేదు. స్పిరిట్‌లో ముంచిన గుడ్డలతో ఓపికగా తుడిస్తే పోతుంది. పాత కుర్చీలు, బీరువాల మీద తరచు ఉండేది ఇదే. అనవసరంగా ఘాటైన మందు తెచ్చి వాటి మీద పోయడం చూస్తే బాధ కలుగుతుంది.

స్పిరిట్‌కు లొంగకపోతే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) థిన్నర్‌తో అదే పరీక్ష చేయండి. పూత శుభ్రంగా కరిగితే అది ఎన్‌సీ లక్కర్. దానికి థిన్నర్ చాలు. ముడతలు పడి ఉబ్బితే నూనె ఆధారంగా చేసిన వార్నిష్ గానీ ఎనామెల్ రంగు గానీ అయి ఉంటుంది. ఏమీ కాకుండా అలాగే ఉంటే మెలమైన్, పాలియురెథేన్ వంటి గట్టి పూత అనుకోవచ్చు. చివరి రెండు రకాలకే రిమూవర్ అవసరం. స్పిరిట్, థిన్నర్ రెండూ తేలికగా అంటుకునేవి. ఈ పరీక్ష కూడా వంటగదిలో చేయకూడదు.

మందు ఎంచుకోవడం

డబ్బా ముందు వైపు ఉన్న బొమ్మలను వదిలేసి, వెనక సన్నని అక్షరాల్లో ఏముందో చదవండి. మన దుకాణాల్లో త్వరగా పనిచేస్తుందని చెప్పి ఇచ్చే రకాల్లో మెథిలీన్ క్లోరైడ్ ఉండే అవకాశం ఎక్కువ. కొన్నింటి మీద డైక్లోరోమీథేన్ అని రాస్తారు, రెండూ ఒకటే. దాని అణువులు చాలా చిన్నవి. రంగు పొరలోకి చొచ్చుకుపోయి, పొరను ఉబ్బించి, చెక్క నుంచి విడదీస్తాయి. 10, 20 నిమిషాల్లో రంగు పొంగిన అప్పడంలా లేస్తుంది. అది చూసి ముచ్చటపడి చాలామంది దీనినే వాడతారు.

నేను మాత్రం ఇంట్లో దీన్ని వాడవద్దనే అంటాను. ఇది సుమారు 40 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతుంది. మే నెల కత్తిరి ఎండల్లో చెన్నై ఉష్ణోగ్రత దాదాపు అంతే ఉంటుంది. అంటే మీరు డబ్బా మూత తీయగానే మందు విపరీతంగా ఆవిరి కావడం మొదలవుతుంది. ఆ ఆవిరి గాలి కంటే బరువైనది. పైకి పోకుండా నేలబారున పేరుకుంటుంది. ఎక్కువగా పీలిస్తే మత్తు కమ్మి స్పృహ తప్పుతుంది. శరీరంలోకి వెళ్లిన దానిలో కొంత కార్బన్ మోనాక్సైడ్‌గా మారి, రక్తం ప్రాణవాయువును మోసే శక్తిని తగ్గిస్తుంది. గుండె జబ్బు ఉన్నవారికి ఇది మరీ ప్రమాదం. అమెరికాలో స్నానాల గదుల్లో తలుపు వేసుకుని తొట్టెల పూత తీస్తూ పనివారు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అక్కడి పర్యావరణ పరిరక్షణ సంస్థ 2019లో ఈ రకం రిమూవర్లను ఇంటి వాడకందారులకు అమ్మకుండా నిషేధించింది. 2024లో ఆ రసాయనపు ఇతర వాడకాలను కూడా చాలావరకు ఆపింది. ఐరోపా సమాఖ్య అంతకు ముందే ఇంటి వాడకానికి అమ్మకాలు కట్టడి చేసింది.

దీని బదులు బెంజైల్ ఆల్కహాల్ ఉన్నవి, డైబేసిక్ ఎస్టర్లు ఉన్నవి అడగండి. పేటలోని చిన్న దుకాణంలో దొరకకపోవచ్చు. ప్యారిస్ కార్నర్ చుట్టుపక్కల ఉన్న పెద్ద పెయింట్ల వ్యాపారులను విచారించండి, లేదా ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి. ఇవి గంట నుంచి రాత్రంతా సమయం తీసుకుంటాయి, ధర కూడా ఎక్కువే ఉండవచ్చు. అయినా వీటి ఆవిరి చాలా తక్కువ, చెక్క మీద తడి ఎక్కువసేపు నిలుస్తుంది. ఒక్కసారి పూసి రాత్రంతా వదిలేస్తే రెండు మూడు పొరలు కలిసి లేస్తాయి. ఇవి కూడా చర్మానికి, కళ్లకు హాని చేసేవే, జాగ్రత్త తగ్గించకూడదు. ఎన్-మిథైల్ పిరోలిడోన్ అన్న పేరు కనిపిస్తే ఆ డబ్బాను పక్కన పెట్టండి. అది గర్భంలోని శిశువుకు హాని చేస్తుంది, చర్మం గుండా శరీరంలోకి దిగుతుంది.

కాస్టిక్ సోడా గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే చౌక అని దానిని సూచించేవారు ఉంటారు. నూనె రంగును అది తింటుంది, నిజమే. అయితే టేకును నల్లబరుస్తుంది, చెక్క నారను పైకి లేపుతుంది, అతుకుల్లోని జిగురును వదులు చేస్తుంది. పాత బీరువాలకు వజ్రం జిగురు, అంటే జంతువుల చర్మం, ఎముకల నుంచి కాచిన జిగురు, వాడి ఉంటే మొత్తం కూర్పు కదిలిపోవచ్చు. కంట్లో ఒక్క చుక్క పడినా చూపు పోయే ప్రమాదం ఉంది. అల్యూమినియం తగిలితే మండే హైడ్రోజన్ వాయువు పుడుతుంది. మంచి చెక్కకు దీనిని వాడవద్దు.

ఎంత కొనాలి? 7 అడుగుల ఎత్తు, 3 అడుగుల వెడల్పు ఉన్న తలుపు ఒక వైపు దాదాపు 2 చదరపు మీటర్లు. మందును ఒక మిల్లీమీటరు మందంగా పూస్తే చదరపు మీటరుకు ఒక లీటరు పడుతుంది. అంటే ఒక్క వైపు ఒక పూతకు 2 లీటర్లు. పొరలు ఎక్కువైతే రెండో పూత తప్పదు. మొదట చిన్న డబ్బా కొని పరీక్షించి, పనిచేస్తుందని తేలాక మిగతాది తెచ్చుకోవడం మేలు.

ఎక్కడ, ఎప్పుడు చేయాలి

జనవరి నుంచి మార్చి వరకు చెన్నైలో ఈ పనికి అనువైన కాలం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల తేమలో కడిగిన చెక్క ఆరదు. ఎండాకాలంలో చేయక తప్పకపోతే తెల్లవారుజామున మొదలుపెట్టండి. నేరుగా ఎండ పడే చోట ఏ మందైనా పని ముగించకముందే ఎండిపోతుంది.

మేడ మీద నీడపట్టున చేయగలిగితే అంతకంటే మంచి చోటు లేదు. స్వంత ఇంటివారికి పెరడు, వెనక వసారా పనికొస్తాయి. ఫ్లాటులో ఉంటున్నవారు సంఘం వారితో మాట్లాడి మేడ మీదికి సామాను చేర్చండి. స్నానాల గది, కారు నిలిపే బేస్‌మెంటు, లిఫ్టు ముందు నడవ ఈ మూడింటిలో ఎక్కడా చేయకండి. బరువైన ఆవిరి అక్కడే కదలకుండా ఉండిపోతుంది. బాల్కనీలో చేస్తే కింది అంతస్తువారి బట్టల మీద, మొక్కల మీద చుక్కలు పడకుండా మందమైన పాలిథీన్ షీటు పరవండి. గదిలో చేయక తప్పకపోతే ఎదురెదురు కిటికీలు తెరిచి, ఒక కిటికీలో ఫ్యాను బయటికి ఊదేలా పెట్టి, మీ వీపు వైపు నుంచి గాలి వచ్చేలా నిలబడండి. ఏసీ వేసి తలుపులు మూయడం చేయకూడని పని.

మన ఇళ్లలో ఇంకొకటి చూడాలి: నిప్పు. దేవుడి గదిలో దీపం, అగరవత్తి, సాంబ్రాణి, సాయంత్రం వెలిగించే దోమల చక్రం, గ్యాసు పొయ్యి. చాలా రిమూవర్లు, వాటితో పాటు వాడే థిన్నర్లు తేలికగా అంటుకుంటాయి. మెథిలీన్ క్లోరైడ్ సులభంగా అంటుకోదు కానీ దాని ఆవిరి మంటకు తగిలితే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. పని జరిగే వేళ దీపం పెట్టడం ఇంకో గదిలోకి కాదు, ఇంకో పూటకు మార్చుకోండి. ఇంట్లో పెద్దవారికి ఈ కారణం ముందుగానే వివరంగా చెప్పండి.

చేతులు, కళ్లు, ఊపిరి

మందుల దుకాణంలో దొరికే పలుచని రబ్బరు చేతి తొడుగులు ఇక్కడ పనికిరావు. మెథిలీన్ క్లోరైడ్ లాటెక్స్‌ను, నైట్రైల్‌ను కూడా కొద్ది నిమిషాల్లో దాటిపోతుంది. తొడుగు లోపలికి చేరి చర్మానికి అతుక్కుని మరింత కాలుస్తుంది. బెంజైల్ ఆల్కహాల్ రకానికి మందమైన బ్యూటైల్ రబ్బరు తొడుగులు మంచివి. డబ్బా మీద ఏ తొడుగు చెప్పారో అదే కొనండి, ముద్ద పట్టి మెత్తబడగానే మార్చండి. కళ్లజోడు పెట్టుకున్నాం కదా అని సరిపెట్టుకోవద్దు. నాలుగు వైపులా మూసుకునే గాగుల్స్ కావాలి. పూర్తి చేతుల నూలు చొక్కా, పాత ప్యాంటు, మూసిన చెప్పులు వేసుకోండి.

ఎన్95 మాస్కు ధూళిని ఆపుతుంది, ఆవిరిని ఆపదు. సేంద్రియ ఆవిరులకు బొగ్గు గుళికలున్న మాస్కులు దొరుకుతాయి. అవి నెమ్మది రకం మందులకు కొంత ఉపయోగం. మెథిలీన్ క్లోరైడ్‌ను మాత్రం ఆ బొగ్గు ఎక్కువసేపు పట్టి ఉంచలేదు. వాటి మీద నమ్మకంతో మూసిన గదిలోకి వెళ్లకండి.

ఒక బకెట్టు నిండా శుభ్రమైన నీళ్లు, చెంబు చేతికందేలా ఉంచండి. చర్మం మీద పడితే వెంటనే కడగండి. కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు ఆపకుండా నీళ్లు పోస్తూ, ఆ తర్వాత కంటి ఆసుపత్రికి వెళ్లండి. డబ్బాను కూడా తీసుకెళ్లండి. తలనొప్పి, తల తిరగడం, వికారం అనిపించగానే పని ఆపి బయటి గాలికి వెళ్లాలి. ఇంకొక్క పలక పూర్తి చేసి ఆపుదామనుకోవడమే ప్రమాదం. ఎవరైనా స్పృహ తప్పితే గాలిలోకి తెచ్చి 108కి ఫోను చేయండి. ఒంటరిగా ఈ పని చేయవద్దు. పిలిస్తే పలికే మనిషి ఉండాలి.

పాలిష్ పనివారి చేత చేయిస్తే ఈ జాగ్రత్తలన్నీ వారికీ వర్తిస్తాయి. తొడుగులు, గాగుల్స్ మీరే కొనివ్వండి. వారు అలవాటుందని అన్నా ఒప్పుకోకండి. రోజూ అదే ఆవిరి పీల్చే మనిషికి మనకంటే ఎక్కువ రక్షణ కావాలి.

పని మొదలు

తలుపును మడతబందుల నుంచి ఊడదీసి, రెండు స్టూళ్ల మీద పడుకోబెట్టండి. పడుకున్న చెక్క మీద మందు జారిపోదు. నిలబెట్టిన దాని మీద సగం నేలపాలవుతుంది. గడియలు, పిడులు, ఇత్తడి బొడిపెలు విప్పి, ఏ మరలు ఎక్కడివో చిన్న సంచుల్లో పేరు రాసి ఉంచండి. పాత తలుపుల మరల గాళ్లలో రంగు నిండి ఉంటుంది. సూదిమొనతో ఆ గాడి శుభ్రం చేశాకే స్క్రూడ్రైవర్ తిప్పండి, లేకపోతే గాడి అరిగిపోతుంది. కింద మందమైన పాలిథీన్ షీటు, దాని మీద నాలుగైదు వరుసల వార్తాపత్రికలు పరవండి.

డబ్బా వేడెక్కి ఉంటే లోపల ఒత్తిడి పెరిగి ఉంటుంది. నీడలో చల్లబడనిచ్చి, మూత మీద పాత గుడ్డ కప్పి, ముఖం పక్కకు తిప్పుకుని నెమ్మదిగా వదులు చేయండి. స్టీలు గిన్నెలోకో గాజు సీసాలోకో కొంచెం కొంచెంగా వంపుకోండి. ప్లాస్టిక్ మగ్గు కరిగి చేతిలోనే కారిపోవచ్చు. ఆ గిన్నె మళ్లీ వంటకు వాడకూడదు.

ముందు అరచేయంత చోట పరీక్ష చేయండి. మందు పూసి, గడియారం చూసుకుంటూ కొంతసేపటికొకసారి చెక్క స్క్రేపర్‌తో మూలను కదిపి చూడండి. ఏ వేళకు చెక్క వరకు లేస్తోందో తెలిస్తే ఆ లెక్కే తలుపంతటికీ వాడుకోవచ్చు.

పూసేటప్పుడు సహజమైన వెంట్రుకల చవక బ్రష్షు వాడండి. బ్రష్షు నిండా మందు తీసుకుని, మందంగా, ఒకే వైపుకు, ఒక్కసారి లాగి వదిలేయండి. రంగు వేసినట్టు ముందుకీ వెనక్కీ తిప్పితే పాడవుతుంది. చాలా రిమూవర్లలో మైనం కలిపి ఉంటారు. అది పైన సన్నని పొరగా గడ్డకట్టి ఆవిరిని ఆపుతుంది. మళ్లీ మళ్లీ బ్రష్షు తిప్పితే ఆ పొర చెదిరి, మందు పని చేయకముందే ఎగిరిపోతుంది. ఒక్కసారి రెండు మూడు చదరపు అడుగులకు మించి పూయకండి. నెమ్మది రకం అయితే పూశాక దాని మీద పలుచని పాలిథీన్ షీటు కప్పి అంచులు అదమండి. సాయంత్రం పూసి ఉదయం తెరవడం ఈ రకానికి సరిపోతుంది.

తీసేటప్పుడు బలం వాడాలనిపిస్తే రంగు ఇంకా సిద్ధం కాలేదని అర్థం. టేకు మెత్తగా తడిసి ఉన్నప్పుడు స్క్రేపర్ గీతలు లోతుగా పడతాయి, అవి పాలిష్ వేశాక మరింత స్పష్టంగా కనబడతాయి. పుట్టీ బ్లేడు వాడేటట్టయితే ముందుగా ఆకురాయితో దాని మూలలు గుండ్రంగా రుద్దుకోండి. చెక్క చారల వెంబడే తోయండి, అడ్డంగా తోయకండి. తడి రంగును ఒక పెచ్చులా లేపి, బ్లేడును వెంటనే పాత డబ్బాలోకి తుడిచేయండి. ఎక్కడైనా గట్టిగా పట్టి ఉంటే వదిలేసి మళ్లీ మందు పూయండి. అడుగున తెల్లని ప్రైమరు చెక్క రంధ్రాల్లో పట్టి ఉంటుంది. దానికి రెండో పూత పలుచగా వేసి, కొబ్బరి పీచుతో రుద్దడం ఒక్కటే దారి.

నగిషీ ఉన్న చోట నాకు నచ్చిన సాధనాలన్నీ ఇంట్లోవే. సన్నగా చెక్కిన వెదురు పుల్లలు, పాత దంతాల బ్రష్షు, కొబ్బరి పీచు ముడి. లతలు, హంసలు, తామర రేకుల మధ్య లోతుల్లో వెదురు పుల్ల మొనతో రంగును పైకి లాగండి. ఇనుప ఉలి జోలికి పోవద్దు, ఒక్క జారుకు రేకు విరిగిపోతుంది. ఊయల బల్ల గొలుసులు తగిలే చోట, కుర్చీల తరిమెన పట్టిన కాళ్ల గాళ్లలో పురికొసను చుట్టి అటూ ఇటూ లాగితే లోపలి ముద్ద వచ్చేస్తుంది. రంగు కరిగి జారుగా ఉంటే రంపపు పొట్టు చల్లండి. అది తడిని పీల్చి, గుప్పెళ్లుగా తీసేసేందుకు అనువుగా మారుతుంది. ఇనుప పీచు మాత్రం టేకు మీద వాడవద్దు. దాని సన్నని ముక్కలు చెక్కలో ఇరుక్కుని, తడి తగిలినప్పుడు నల్లమచ్చలవుతాయి.

పైన వెనీర్, అంటే పలుచని చెక్క పొర, అతికించిన బీరువాలు ఉంటే మందు ఎక్కువసేపు ఉంచకండి, నీళ్లు పోసి కడగకండి. అంచులు లేస్తే మళ్లీ కూర్చోబెట్టడం కష్టం.

కడిగి, ఆరబెట్టి

రంగు పోయాక చెక్క మీద మందు మిగులుతుంది, మైనం మిగులుతుంది. అది తీయకుండా పాలిష్ వేస్తే పూత పట్టదు, మరకలుగా లేస్తుంది. మైనం కలిసిన రకానికి మినరల్ టర్పెంటైన్‌లో ముంచిన గుడ్డతో రెండు మూడుసార్లు, ప్రతిసారి కొత్త గుడ్డతో తుడవండి. నీళ్లతో కడగదగినదని డబ్బా మీద ఉంటే కొద్దిగా సబ్బునీళ్లలో పిండిన గుడ్డతో తుడిచి, ఆపైన మామూలు నీళ్ల గుడ్డతో తుడవండి. చెక్కను నీళ్లలో నానబెట్టవద్దు.

తలుపును గాలి ఆడేలా నీడలో నిలబెట్టి కనీసం రెండు రోజులు ఆరనివ్వండి. గాలిలో తేమ ఎక్కువున్న వారమైతే ఇంకా ఎక్కువ. ఎండలో పెడితే ఒక వైపు ముందుగా ఎండి పలకలు వంకరపోతాయి. ఆరిన తర్వాత 120, 180, 220 నంబర్ల ఉప్పుకాగితాలు వరుసగా, చారల వెంబడి, తేలికగా వాడండి. చెక్క రంధ్రాల్లో పాత రంగు ఆనవాళ్లు ఇంకా ఉంటే పొడిగా కాకుండా కొద్దిగా తడిపి రుద్దండి, ధూళికి ఎన్95 మాస్కు పెట్టుకోండి.

కిటికీ ఊచలు, ఇనుప గేట్లు

వీటి మీదా ఇదే మందు, ఇదే పద్ధతి. తేడా అంతా చివర్లో ఉంది. బీసెంట్ నగర్, తిరువాన్మియూరు వంటి సముద్రపు గాలి తగిలే చోట రంగు తీసిన ఇనుము కొద్ది గంటల్లోనే తుప్పు పట్టడం మొదలవుతుంది. కనుక ఆ రోజు ప్రైమర్ వేయగలిగినంత భాగమే తీయండి. తుడిచి, పూర్తిగా ఆరిందని చూసి, సాయంత్రంలోగా రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ పూత పూర్తి చేయండి.

తీసిన ముద్దను ఎక్కడ వేయాలి

మురుగు గొట్టంలో, సెప్టిక్ ట్యాంకులో, వీధి కాలువలో వేయకండి. ఊరి వాన కాలువలు కూవం, అడయారు వంటి నదుల వైపు పోతాయి. సీసం అక్కడ కరిగి మాయం కాదు. ముద్దను, గోకిన పొట్టును, పాత పత్రికలను మేడ మీద, పిల్లలకు అందని చోట, మూత లేని డబ్బాలో ఆరనివ్వండి. ఆవిరంతా పోయాక మందమైన సంచిలో కట్టండి. వాడేసిన పెయింటు డబ్బాలు ఇళ్లలోని ప్రమాదకర వ్యర్థాల కిందికి వస్తాయి. తడి చెత్తలో, పొడి చెత్తలో కలపకుండా విడిగా కట్టి, సంచి మీద పెద్ద అక్షరాలతో రాసి, కార్పొరేషన్ చెత్త బండివారికి అదేమిటో నోటితో కూడా చెప్పి అప్పగించండి. వారు దానిని చేతులతో తెరుస్తారు.

మిగిలిన మందును అసలు డబ్బాలోనే, మూత బిగించి, చల్లని తాళం వేసిన చోట ఉంచండి. నీళ్ల సీసాలోకి, కూల్‌డ్రింకు సీసాలోకి మార్చకండి. ఇంట్లో ఎవరైనా దాహంగా ఉన్నప్పుడు తీసి తాగేస్తారు. ఒక సంవత్సరంలోగా పని లేదనుకుంటే పొరుగువారికి అవసరమేమో అడిగి, ఈ జాగ్రత్తలన్నీ చెప్పి ఇవ్వండి.

ఆరిన చెక్క మీద ఇప్పుడు ఫ్రెంచ్ పాలిష్, మెలమైన్, అవిసె నూనె ఏదైనా వేసుకోవచ్చు. వీధి తలుపుకు వాన, ఎండ తగులుతాయి కనుక బయటి వాడకానికని తయారుచేసిన పాలియురెథేన్ మేలు. అవిసె నూనె వాడితే తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేయకండి. నూనె ఆరుతున్నప్పుడు వేడి పుట్టి, ఆ ఉండ తనంతట తానే అంటుకోగలదు. ఒక్కొక్క గుడ్డను తీగ మీద విడిగా ఆరేసి, గట్టిపడ్డాక పారేయండి.